మజిల్‌లోడర్‌కి గురి కుదరడం లేదా? స్కోప్ జోలికి పోకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఒహాయోలో ఉన్న మీ బావగారు కొత్తగా .50 క్యాలిబర్ ఇన్‌లైన్ మజిల్‌లోడర్ (మూతి వైపు నుంచి తుపాకీమందు, గుండు కూరే తుపాకీ) కొన్నారు. నవంబరులో మీరు బెంగళూరు నుంచి వెళ్లినప్పుడు ఇద్దరూ కలిసి రేంజ్‌కి వెళ్లారు. బావగారు కాలిస్తే 100 గజాల దగ్గర మొదటి గుండు చుక్క పక్కనే పడింది. రెండోది నాలుగంగుళాలు పైకి పోయింది, మూడోది కుడికి. ప్రతిసారీ స్కోప్ (గురిచూసే దుర్భిణి) మరలు తిప్పారు, ఎక్కడా నిలవలేదు. జనవరి మొదట్లో జింకల మజిల్‌లోడర్ సీజన్ ఉంది. కొత్త స్కోప్ కొనాలా అని అడుగుతున్నారు.

కొనక్కర్లేదు. ఉద్యోగం పేరుతో నేనూ ఆ రాష్ట్రంలోనే కొన్నేళ్లున్నాను, ఇప్పుడు మారతహళ్లిలో ఉంటున్నాను. మీరు చెప్పే లక్షణాలు అక్కడి రేంజ్‌లో ప్రతి శీతాకాలం చూసేవాణ్ణి. మొదటిది బాగా పడి తర్వాతివి చెదిరాయంటే ముందు గొట్టంలో మసిని అనుమానించాలి. స్కోప్ బిగించిన స్క్రూలు ఒకసారి చూసుకోండి, వదులుగా లేకపోతే దాన్ని ఇక మరిచిపోండి.

మామూలు రైఫిల్‌లో తూటా ఫ్యాక్టరీ నుంచి వస్తుంది, ఒకదానికొకటి తేడా ఉండదు. మజిల్‌లోడర్‌లో ప్రతి గుండుకీ మీరే ఫ్యాక్టరీ. తుపాకీమందు కొలిచేది మీరు, గుండు దింపేది మీరు, ఎంత గట్టిగా అదిమారో కూడా మీ చేతిలోనే ఉంటుంది. మనింట్లో ఫిల్టర్‌లో కాఫీపొడి ఒకరోజు గట్టిగా, ఒకరోజు వదులుగా అదిమితే డికాక్షన్ ఒకేలా దిగదు కదా, ఇదీ అంతే. కాబట్టి మీరు ముందు కుదుర్చుకోవాల్సింది లోడ్ చేసే పద్ధతి. అది కుదిరాక స్కోప్ పని పది నిమిషాలు.

తుపాకీ కొత్తది కాబట్టి గొట్టంలో నూనె ఉంటుంది. పొడి గుడ్డతో తుడిచి, లోపల ఏమీ లేకుండా ఒకటి రెండు ప్రైమర్లు (మందును అంటించే చిన్న టోపీలు) కాల్చమనండి. నిప్పురవ్వ వెళ్లే సన్నని దారిలో ఉన్న నూనె ఆరిపోతుంది. తర్వాత మందు. మీరు ఏది వాడారో రాయలేదు. పెల్లెట్లయితే (బిళ్లలుగా అదిమిన మందు) 50 గ్రెయిన్ల కొలతవి రెండు, అంటే 100 గ్రెయిన్లు, మొదలుపెట్టడానికి చాలు. తుపాకీతో వచ్చిన పుస్తకంలో 150 వరకు వేయొచ్చని ఉన్నా సరే, ఆ ఉత్సాహం వద్దు. భుజం నొప్పి తప్ప గురి బాగుపడటం నేను చూడలేదు. పైరోడెక్స్ పెల్లెట్లకు ఒక కొన నల్లగా ఉంటుంది, తొందరగా అంటుకునే పూత అదే. ఆ కొన ప్రైమర్ వైపు, అంటే కిందికి ఉండాలి. పొడి మందయితే కొలపాత్రతో ఘనపరిమాణం ప్రకారం కొలవాలి, కాటాలో తూచకూడదు. డబ్బా నుంచి నేరుగా గొట్టంలోకి ఒంపడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ముందు కాల్చినప్పటి నిప్పురవ్వ లోపల మిగిలి ఉంటే చేతిలోని డబ్బా మొత్తం అంటుకుంటుంది. తూటాల్లో వాడే స్మోక్‌లెస్ పౌడర్ సంగతి చెప్పే పనే లేదు. దానికోసమే తయారుచేసిన ఏదో ఒకటీ అరా మోడల్ తప్పితే మజిల్‌లోడర్ గొట్టం ఆ ఒత్తిడికి పగిలిపోతుంది.

మందు మీద సేబో (ప్లాస్టిక్ తొడుగు) తొడిగిన గుండు. దీన్ని మందును తాకేదాకా దింపాలి. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బొచ్చు, పగలొచ్చు కూడా. అది పూర్తిగా దిగిందని తెలిసేదెలా? మొదటిసారి శుభ్రమైన గొట్టంలో సరిగ్గా దింపాక, గొట్టం మూతి దగ్గర రామ్‌రాడ్ (గుండును దింపే కడ్డీ) మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి. మందు లేని గొట్టానికి ఇంకో గీత. ఆ తర్వాత లోడ్ చేసిన ప్రతిసారీ మొదటి గీత మూతికి సమానంగా రావాలి. మందు పోయడం మరిచిపోయినా, లోపల ఒక గుండు ఉండగా ఇంకోటి దింపినా ఆ గీతలే పట్టిస్తాయి. కబుర్లలో పడితే ఈ రెండూ జరుగుతాయి. అందుకే లోడ్ చేసేటప్పుడు బావగారిని మాట్లాడించకండి.

ఇక అసలు విషయం. పాతకాలపు నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్)కు బదులుగా వాడే ఇప్పటి మందుల్లో చాలావాటికి ఒక్కసారి కాలిస్తేనే గొట్టంలో మసి పేరుకుంటుంది. ట్రిపుల్ సెవెన్ అనే మందు వాడితే గుండు కూర్చునే చోట గట్టి ఉంగరంలా కట్టుకుంటుంది. రామ్‌రాడ్ సాఫీగా దిగుతూ అడుగుకు కొంచెం ముందు గరగరమని ఆగిపోతుంది, ఇంకాస్త బలం పెడితే దిగినట్టు అనిపిస్తుంది. గీత చూస్తే మాత్రం మూతికి అర అంగుళం ఎత్తులోనే ఉంటుంది. ఇలా దిగిన గుండు మొదటి గుండు వెళ్లిన చోటికి వెళ్లదు. మీ రెండోది, మూడోది ఇలా దిగినవేనని నా నమ్మకం.

మందేమిటో బట్టి తుడవడంలో తేడా ఉంటుంది. బ్లాక్‌హార్న్ 209 అయితే మధ్యలో తుడవకపోయినా పర్వాలేదు. మిగతావాటికి ప్రతి గుండు తర్వాతా తుడవాల్సిందే. గుడ్డముక్కను కొంచెం తడిపి (పిండితే నీళ్లు కారకూడదు) చిన్న చిన్న ఊపులతో కిందికి, పైకి. తిప్పేసి రెండోవైపు. ఆపైన పొడి గుడ్డ ఒకటి. తడి ఎక్కువైతే నీళ్లు బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక కొనను మూసే మర)లోకి దిగి తర్వాతి గుండు పేలదు. మా రేంజ్‌లో పక్క బెంచీ మీద కూర్చునే రిటైర్డ్ పెద్దాయన ఒకరు వాడిన గుడ్డముక్కల్ని పారేయకుండా బెంచీ అంచున వరసగా పరిచేవారు. వాటిలో ఏదైనా ముందుదానికన్నా నల్లగా వస్తే కాల్చడం ఆపి మళ్లీ తుడిచేవారు. ఆయన కాగితం మీద మూడు చిల్లులూ ఒక నిమ్మకాయ కింద దాగిపోయేవి. ఆ తుపాకీ మీద ఉన్నది చాలా చవకరకం స్కోప్.

పద్ధతి కుదిరాక గురి. 100 గజాల దగ్గర మొదలుపెట్టడం మందు దండగ. ముందు 25 గజాలు. ఆ దూరంలో చుక్క మీద పడినా, అర అంగుళం పైన పడినా 100 దగ్గర కనీసం కాగితం మీద పడుతుంది. చాలా స్కోపుల్లో మర ఒక క్లిక్ తిప్పితే 100 గజాల దగ్గర పావు అంగుళం జరుపుతుంది. 25 గజాల దగ్గర అదే క్లిక్ అందులో నాలుగోవంతే, అంటే అంగుళం జరపాలంటే 16 క్లిక్కులు. ఇది తెలియక ఇక్కడ నాలుగు క్లిక్కులు తిప్పి స్కోప్ పనిచేయట్లేదని తిట్టుకునేవాళ్లు బోలెడంతమంది. ఒక్క గుండు చూసి తిప్పకండి. ఒకేలా లోడ్ చేసి మూడు కాల్చండి, ఆ మూడింటి నడుమ చోటు చూసి తిప్పండి. మధ్యలో గొట్టం చల్లారనివ్వండి. తొందరేముంది, చలిలో టీ తాగే వంక కూడా దొరుకుతుంది.

100 గజాలకు వచ్చాక ఒక నిర్ణయం మిగులుతుంది. 250 గ్రెయిన్ల గుండు, 100 గ్రెయిన్ల మందుతో 100 గజాలకు సరిగ్గా గురి పెడితే 150 దగ్గర అది అర అడుగుకు మించి కిందికి పడిపోతుంది. నేను 100కే సరిగ్గా పెట్టుకుని అంతకు మించిన దూరంలో కాల్చేవాణ్ణి కాదు. రెండంగుళాలు పైకి పెట్టుకునేవాళ్లు ఉన్నారు, అది వాళ్లిష్టం. కొత్తవాళ్లకు నేను చెప్పను.

ఇంకో మాట: వేటలో లెక్కకొచ్చేది మొదటి గుండే, అదీ చల్లని గొట్టంలోంచి. కాబట్టి రేంజ్‌లో చివరి రోజున శుభ్రమైన, చల్లని గొట్టంతో, ప్రైమర్ ఒకటి ఉత్తిగా కాల్చి, ఆపైన వేసిన మొదటి గుండు ఎక్కడ పడిందో దానికే స్కోప్ కుదుర్చుకోండి. ప్రైమర్ పేలి మందు అంటుకోకపోతే తుపాకీని దింపకండి. మూతి టార్గెట్ వైపే ఉంచి ఒక నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలడం ఉంటుంది. ఇంటికొచ్చాక అదే రోజు గొట్టం శుభ్రం చేయాలి. బ్లాక్‌హార్న్ కాని మందులకు వేడినీళ్లు, సబ్బు చాలు. ఆ మసి గాలిలో తేమను పీల్చుకుని ఇనుమును తినేస్తుంది.

మీరూ కాలుద్దామనుకుంటే ముందు కాగితాల సంగతి చూసుకోండి. విజిటర్ వీసా గానీ హెచ్-1బి గానీ ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. మజిల్‌లోడర్లలో చాలావాటిని ఆ చట్టం తుపాకుల కింద లెక్కించదు గానీ అన్ని మోడళ్లకూ అది వర్తించదు, రాష్ట్రాల రూల్స్ కూడా వేరుగా ఉంటాయి. లైసెన్సు చేతికొచ్చేదాకా మీరు గుడ్డముక్కలు అందించండి, చాలు. నారింజరంగు జాకెట్ తప్పనిసరి.

ఇక్కడి మిత్రులెవరైనా ఇది చదివి ఊళ్లో తాతగారి నాటు తుపాకీ గుర్తుచేసుకుంటున్నారేమో. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. కొడగు (కూర్గ్)లో అక్కడి కొడవలకు తుపాకీ లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది, 2029 దాకా పొడిగించారు కూడా. అయితే అది వేటకు అనుమతి కాదు. సెప్టెంబరులో కైల్‌పోద్ పండక్కి వాళ్లు తుపాకులకు పూజ చేసి, చెట్టు మీద కట్టిన కొబ్బరికాయను గురిచూసి కొట్టే పోటీలు పెడతారు. వీలైతే వెళ్లి చూడండి.

జనవరి వరకు బెంగళూరులో మీరు చేయగలిగింది ఒకటుంది: ఏదైనా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ రేంజ్‌లో చేరండి. ఎయిర్ రైఫిల్ గుండు గొట్టం దాటడానికి చాలా టైమ్ తీసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తల ఎత్తేసి ఎక్కడ పడిందో చూసే అలవాటు అక్కడ వెంటనే బయటపడుతుంది. మజిల్‌లోడర్ పొగలో ఆ అలవాటు కనిపించదు, గుండు మాత్రం పక్కకు పోతుంది. జనవరిలో వెళ్తే, తిరుగు ప్రయాణంలో రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగ్, జాకెట్ జేబులు దులిపి మరీ చూసుకోండి. ప్రైమర్లు, మందు చెక్-ఇన్ సామానులో కూడా నిషేధమే.