4 జీబీ ల్యాప్‌టాప్‌లో మొదటి లినక్స్: ఉబుంటులో వైఫై కనబడకపోతే

4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేస్తే వైఫై కనబడట్లేదు, వేరే డిస్ట్రోకి (లినక్స్‌లో మరో రకానికి) మారాలా అని అడిగారు. తప్పు ఉబుంటుది కాకపోవచ్చు. మీరు రాసినట్టు ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది బ్రాడ్‌కామ్ వైఫై చిప్ అయితే, దానికి కావాల్సిన డ్రైవర్ (చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) చాలాసార్లు విడిగా వేసుకోవాలి. అది ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండేది) కాదు మరి. డిస్ట్రోలు మార్చుకుంటూ పోయినా మళ్లీ ఇక్కడే ఆగుతారు.

4 జీబీ ర్యామ్‌కి నేనైతే లినక్స్ మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్ పెడతాను. మింట్‌లోనే ఇంకో ఎడిషన్ సినమన్ చూడ్డానికి బాగుంటుంది కానీ బరువు.

1. మింట్ ఐఎస్‌ఓ ఫైల్‌ని (డౌన్‌లోడ్ చేసుకునే ఇన్‌స్టాల్ ఫైల్) విండోస్‌లో రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. 8 జీబీది చాలు.

2. దాంతో బూట్ చేశాక ఇన్‌స్టాల్ ఐకాన్ ముట్టుకోకండి. అందరూ తొందరపడేది ఇక్కడే. లైవ్‌లోనే, అంటే డిస్క్‌లో వేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే, అరగంట వాడండి. సౌండ్ వస్తోందా? టచ్‌ప్యాడ్ పనిచేస్తోందా? మూత వేసి తీస్తే లేస్తోందా?

3. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కి వచ్చేలా యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నెట్ వచ్చాక మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిచి బ్రాడ్‌కామ్ డ్రైవర్ ఎంచుకోండి. ఎక్కకపోతే బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే సెట్టింగ్స్) సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి చూడండి.

4. అన్నీ కుదిరితేనే ఇన్‌స్టాల్. లైవ్‌లో వేసిన డ్రైవర్ నిలవదు, 3వది మళ్లీ చేయాలి.

విండోస్ కూడా ఉండాలంటే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ మొత్తం చెరిపేసే ‘ఎరేజ్ డిస్క్’ మాత్రం ఎంచుకోకండి. ఫొటోల బ్యాకప్ ముందే తీసుకోండి.