బోరు వైరుకు లోతు కూడా దూరమే

చిరంజీవికి, చిన్నాయన ఆశీస్సులు.

దామలచెరువు తోటలో కొత్త బోరుకు రెండు ఇంచుల నీళ్ళు పడ్డాయని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఆ వెంటనే "వైరు రెండున్నర స్క్వేర్ చాలని షాపులో అన్నారంట" అని కూడా అంది. స్క్వేర్ అంటే లోపలి తీగ మందం, చదరపు మిల్లీమీటర్లలో. అప్పటినుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. డబ్బు కట్టేముందు ఇది చదువు.

షాపాయన చెప్పింది అబద్ధం కాదు. నీ 5 హెచ్‌పి మోటారు లాగేది సుమారు 9 ఆంపియర్లు. రెండున్నర రాగి వైరు వేడెక్కకుండా ఆ కరెంటును మోస్తుంది. కానీ మోయడం వేరు, వోల్టేజీని చివరిదాకా చేర్చడం వేరు. పొడుగాటి డ్రిప్ లైనులో చివరి చెట్టుకు నీళ్ళు ఎట్లా సన్నబడతాయో నీకు నేను చెప్పాలా?

మీటరు పెట్టె నుంచి బోరు దాకా 120 మీటర్లు అంటున్నావంట. మోటారు ఉండేది బోరు మూతి దగ్గర కాదు కదా నాయనా, 600 అడుగుల కింద. అంటే ఇంకో 180 మీటర్లు. మొత్తం 300.

ఇప్పుడు లెక్క. త్రీఫేజ్, రాగి వైరు అయితే మీటర్లను ఆంపియర్లతో, మళ్ళీ 0.03తో గుణించి, వైరు స్క్వేర్‌తో భాగించు. దారిలో పోయే వోల్టులు వస్తాయి. నీకు 300, 9, 0.03 గుణిస్తే 81. రెండున్నర వేస్తే 32 వోల్టులు పోతాయి. నాలుగు వేస్తే 20, ఆరు వేస్తే 13, 14. మనకు వచ్చే 415లో 5 శాతం అంటే 20 చిల్లర. దాన్ని దాటనివ్వకూడదు. నాలుగు స్క్వేర్ సరిగ్గా గట్టు అంచున నిలబడింది. ఇంటి దగ్గర సింగిల్ ఫేజ్ మోటారుకైతే 0.03 బదులు 0.035 వేసుకో, 230లో 5 శాతం చూసుకో.

పైగా ఆ 415 కాగితం మీదే. కరెంటు రాగానే మోటార్లను వాటంతటవే ఆన్ చేసే ఆటో స్టార్టర్లన్నీ చుట్టుపక్కల ఒక్కసారిగా పడతాయి. ఆ సమయంలో మా మీటరు దగ్గరే 380 చూశాను. అందులోంచి 32 పోతే మోటారుకు అందేదెంత? వోల్టేజీ పదో వంతు తగ్గితే తిరిగే బలం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి ఆ కాసేపు వైరులో పోయేదీ పెరుగుతుంది. మోటారు మూలుగుతుంది, తిరగదు, వైండింగ్ (లోపలి తీగచుట్ట) కాలుతుంది.

ఇదంతా నాకు చేతులు కాలాకే తెలిసింది. మన పాత బోరుకు నేను రెండున్నరే వేశాను, లోతు లెక్కపెట్టకుండా. రెండు వేసవుల్లో రెండుసార్లు వైండింగ్ కాలింది. పైపులన్నీ పైకి లాగించి, బాగు చేయించి, మళ్ళీ దించేసరికి వైరులో మిగిల్చిందానికి ఎన్ని రెట్లు పోయిందో మీ పిన్ని ఇప్పటికీ లెక్క చెబుతుంది.

కాబట్టి ఆరు స్క్వేర్ తీసుకో. ఖర్చు ఎక్కువనిపిస్తే నేల మీది 120 మీటర్లకు 10 స్క్వేర్ అల్యూమినియం ఆర్మర్డ్ (ఇనుప కవచమున్న) కేబుల్ వేసుకో, ఆరు రాగితో దాదాపు సమానం. అయితే రాగినీ అల్యూమినియాన్నీ మెలిపెట్టి టేపు చుట్టొద్దు. కొన్నాళ్ళకు ఆ జాయింటు తినేసుకుపోయి కాలుతుంది. రెండు లోహాలకూ పనికొచ్చే లగ్గులు (వైరు కొనకు తొడిగే లోహపు ముక్కలు) దొరుకుతాయి, వాటితో పెట్టెలో బిగించాలి. బోరులోకి దిగేది మాత్రం రాగి ఫ్లాట్ కేబులే, మధ్యలో జాయింటు లేకుండా ఒకే ముక్క.

ఐఎస్‌ఐ గుర్తు చూడు, ఐఎస్ 694 అని ఉండాలి. చుట్టను కాటా మీద కూడా పెట్టించు. ఆరు స్క్వేర్ మూడు కోర్ల కేబుల్ 100 మీటర్లలో రాగి ఒక్కటే 14, 15 కిలోలుంటుంది. పైతొడుగుతో కలిపి కూడా అంత తూగకపోతే తీసుకోవద్దు.

మోటారు నేమ్‌ప్లేట్ ఫోటో పంపు. దాని మీద ఆంపియర్లు తొమ్మిది దాటి ఉంటే లెక్క మళ్ళీ వేద్దాం. శనివారం పాకాలకు వస్తాను, వైరుకు తగిలించి ఆంపియర్లు చూసే క్లాంప్ మీటరు నా సంచిలోనే ఉంటుంది. నేను వచ్చేదాకా మోటారు దించొద్దు.

మీ చిన్నాయన