చదివే అలవాటును చెడగొట్టింది ఫోను కాదు, బిట్లు

"ఏడో తరగతి దాకా దొరికిన కథల పుస్తకమల్లా చదివిన. ఇప్పుడు పది పేజీలు నడుస్తలేవు. ఫోనే కారణమా? మళ్లీ అలవాటైతదా?" అని అడిగారు. తప్పకుండా అవుతుంది. ఫోను మాత్రం చివర్లో వచ్చి చేరింది, అసలు దెబ్బ అంతకు ముందే పడింది.

మొదటి గండం రెండో తరగతిలో ఉంటుంది. గుణింతాలు వచ్చిన పిల్లగాడు కూడా ఒత్తుల దగ్గర ఆగిపోతాడు. చాలా ఒత్తులు తలకట్టు తీసేసిన అక్షరాలే కాబట్టి పోల్చుకోవచ్చు. కానీ త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు, తెలుగులో ఎక్కువగా వచ్చేవీ అవే. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికి చేరేసరికి మొదట ఏం చదివాడో మరిచిపోతాడు. దాన్ని మనం "ఆసక్తి లేదు" అంటాం. అప్పుడు చేయాల్సింది: పెద్దవాళ్లు వాక్యం కింద వేలు జరుపుతూ ముందు చదవాలి, తర్వాత ఇద్దరూ కలిసి, ఆ తర్వాత వాడొక్కడే. రోజుకు పది నిమిషాలు చాలు. అదే పుస్తకం మూడు నాలుగు సార్లు చదివినా పర్వాలేదు. తప్పు చదివిన ప్రతిచోటా ఆపి దిద్దితే మాత్రం కథ తెగిపోతుంది, పుస్తకమంటేనే భయం పడుతుంది. పేజీలో అయిదారు కంటే ఎక్కువ మాటల దగ్గర తడబడుతుంటే ఆ పుస్తకం పక్కన పెట్టి తేలికది ఇవ్వండి.

నాలుగు నుంచి ఏడు దాకా మంచి కాలం. 1947 జులైలో మొదలైన చందమామ ఎన్నో తరాలను పట్టి ఉంచింది ఈ వయసులోనే. ఇప్పుడు పుస్తకాలు లేక కాదు, అవి బడి బీరువాలో ఉండి తాళం సారు దగ్గర ఉండటం వల్ల చదవడం లేదు. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టర్‌లో తేడా వస్తుందని భయం. పదేళ్లు కొత్తగా మెరిసే పుస్తకం కంటే రెండేళ్లలో చిరిగిన పుస్తకమే పని చేసినట్టు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఊళ్లో శాఖా గ్రంథాలయం ఉంటే పిల్లలను తీసుకుపోయి సభ్యత్వం ఇప్పించండి. అది మన పైసలతో నడిచేదే.

అసలు దెబ్బ పడేది ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో. అక్కడి నుంచి చదువంటే గుర్తుపెట్టుకోవడమే. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో జిల్లా గ్రంథాలయానికి పొద్దుగాల పోయి చూడండి. తలుపు తెరవగానే కుర్చీల మీద దస్తీలు, టిఫిన్ డబ్బాలు పడతాయి. ప్రతి ఒక్కరి ముందూ సొంత గ్రూప్స్ ఉద్యోగ పరీక్ష పుస్తకం, స్కేలు, మూడు రంగుల పెన్నులు. సంవత్సరం కనిపిస్తే ఎర్ర గీత, పేరు కనిపిస్తే నీలం గీత. వెనక ర్యాకుల్లో నవలలు అట్లనే ఉంటాయి. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, అద్దె గదిలో కూర్చునే జాగ ఉండదు, ఉద్యోగం కావాలి. కానీ ఏళ్ల తరబడి ఇట్లా చదివిన కంటికి కథ ఇస్తే అందులోనూ బిట్టే, అంటే పరీక్షలో ఒక్క మాటలో జవాబిచ్చే చిన్న ప్రశ్ననే వెతుకుతుంది. పాత్రల పేర్లు పట్టుకుంటుంది, కథ జారిపోతుంది. పది పేజీలకే అలసట వచ్చేది అందుకే. 1918లోనే నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం పెట్టుకున్న జిల్లా మనది. నిజాం కాలంలో తెలుగు పుస్తకం కోసం అంత కష్టపడ్డ చోట, ఇవాళ కథల పుస్తకం పట్టుకున్నవాణ్ని "పరీక్ష లేదా నీకు?" అని అడుగుతున్నాం.

తిరిగి మొదలుపెట్టాలంటే ముందు పెన్ను తీసేయండి. గీత గీయొద్దు, నోట్సు రాయొద్దు, ఎన్ని పేజీలయ్యాయో లెక్క వేయొద్దు. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు పోయి అయిదు వందల పేజీల నవలలు సంచి నిండా తెచ్చుకునేవాళ్లు మొదటి వారంలోనే ఆగిపోతారు. అయిదారు పేజీల కథలున్న సంపుటి ఒకటి చాలు, మన యాస ఉన్నదైతే ఇంకా మంచిది, చెవికి వెంటనే అందుతుంది. మొదటి పేజీ పైకి చదవండి. పైకి చదివేటప్పుడు కన్ను ముందుకు దుంకలేదు, వాక్యం పూర్తిగా లోపలికి పోతుంది. రోజూ ఒకే వేళకు, పదిహేను నిమిషాలు, ఫోను వేరే గదిలో. రెండు కథలు చదివినా పట్టకపోతే ఆ పుస్తకం వదిలేసి ఇంకోటి తీసుకోండి.

నలభై దాటినవాళ్లు ఇదంతా చేసే ముందు కళ్లు చూపించుకోండి. చత్వారం వస్తే ముందు మసకబారేది అక్షరం కింద ఉండే చిన్న ఒత్తులే. పేపరు దూరం జరిపి చదువుతున్నారంటే అదే గుర్తు. సంతలో దొరికే అద్దాలు రెండు కళ్లకూ ఒకే పవర్‌తో ఉంటాయి. మీ కళ్లలో తేడా ఉంటే తలనొప్పి వస్తుంది, మళ్లీ తప్పు పుస్తకం మీద పడుతుంది.