సందేహాలు – సమాధానాలు: బృహద్ధమని, నరం, అస్తరు

సందేహం: గురువుగారూ నమస్తే. మాది మలక్‌పేట. మా నాన్నగారికి వేరే దేనికో పొట్ట స్కాన్ తీస్తే అయోర్టా 5.8 సెంటీమీటర్లకి ఉబ్బి ఉందని బయటపడింది. ఆస్పత్రిలో ఇచ్చిన తెలుగు కాగితం మీద "బృహద్దమని ఎన్యూరిజం – కనిష్ట ఆక్రమణ నాళాంతర చికిత్స" అని ఉంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కౌన్సిలింగ్ చేసినామె మాత్రం "పెద్ద నరం ఉబ్బింది, ఆపరేషన్ లేకుండా స్టంట్ వేస్తారు" అంది. నాన్న నలభై ఏళ్ళు సుల్తాన్ బజార్‌లో టైలర్‌గా చేశారు. ఆయన "నరమైతే నరాల డాక్టర్ దగ్గరికి పోదాం, ఆపరేషనే కాకపోతే తొందరేముంది" అంటున్నారు. వీటిలో ఏ మాట కరెక్టు? ఆయనకి ఏమని చెప్పాలి?

సమాధానం: అమ్మా, ముందు నరం సంగతి చూద్దాం. అక్షరదోషం రేపైనా దిద్దుకోవచ్చు గానీ డాక్టర్ తప్పితే కష్టం కదా.

నరం అచ్చంగా మన మాటే, తమిళంలో నరంబు, కన్నడంలో నర, అన్నీ ఒకటే కుదురు. తమిళులు వీణ తీగని కూడా నరంబు అన్నారు, అంటే శరీరంలో సన్నగా, పొడుగ్గా, తీగలాగా కనపడేదల్లా పూర్వం వాళ్ళకి నరమే. మనమూ అంతే. "సూదికి నరం దొరకట్లేదు" అన్నప్పుడు అది సిర, అంటే రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్ళే నాళం, "మెడ నరం పట్టేసింది" అన్నప్పుడు చాలాసార్లు కండరం, "నరాల వీక్‌నెస్" అన్నప్పుడు మెదడు నుంచి వచ్చే నాడులు. మన పాతబస్తీ దక్కనీలో "నస్" అనే మాట కూడా సరిగ్గా ఇలాగే రెండింటికీ పనిచేస్తుంది. కాబట్టి ఇంట్లో, వీధిలో నరం అంటే తప్పని నేననను, అంత పాత మాటని తప్పనడానికి ఎవరికీ హక్కు లేదు. కానీ ఆస్పత్రిలో అనకూడదు. అక్కడ నరాల డాక్టర్ అంటే న్యూరాలజిస్టే, రక్తం పారే గొట్టాలని చూసేది వాస్క్యులర్ సర్జన్, ఇద్దరూ పూర్తిగా వేర్వేరు. అయోర్టా అంటే గుండె నుంచి రక్తం తెచ్చే పెద్ద నాళం, కాబట్టి మీ నాన్నగారు వెళ్ళాల్సింది రెండో ఆయన దగ్గరికి. ఆయన తప్పుగా ఏం ఆలోచించలేదమ్మా, చెప్పిన మాటకి సరైన అర్థమే తీసుకున్నారు, ఇచ్చిన మాటే తప్పు.

ఇది నాకు ఇంత పట్టింపు ఎందుకంటే మా బావగారి విషయంలో జరిగింది. కొన్నేళ్ళ కిందట ఒక ఆస్పత్రిలో ఆయనకీ ఇలాగే "పెద్ద నరం కొంచెం ఉబ్బింది, ఆర్నెల్లకి మళ్ళీ స్కాన్ చేయించుకోండి" అన్నారు, నరం ఉబ్బడం అంటే ఆయనకి తెలిసింది పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగి తేలే వేరికోస్ నరాలు, ఇంటికొచ్చి కాళ్ళు చూసుకున్నారు, రెండు నరాలు కనపడ్డాయి, అంతే, రోజూ పొద్దున్నే కాళ్ళకి క్రేప్ బ్యాండేజ్ చుట్టుకోవడం మొదలుపెట్టారు. ఎంత శ్రద్ధగా చుట్టుకునేవారో నేను కళ్ళారా చూశాను, మడమ దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా, ఒక్క మడత కూడా జారకుండా. స్కాన్‌కి మాత్రం వెళ్ళలేదు. రెండేళ్ళ తర్వాత ఒక రాత్రి నడుం నొప్పి అని మెలికలు తిరిగిపోతుంటే తీసుకెళ్తే 7 సెంటీమీటర్లు దాటింది, దేవుడి దయ ఇంకా పగల్లేదు, పొట్ట కోసి పెద్ద ఆపరేషన్ చేశారు, బతికారు. ఆ రెండేళ్ళూ ఆయన కాళ్ళకి చుట్టుకున్నది ఒక తప్పు మాటని అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంకో చిన్న సంగతి, ఎన్యూరిజం అనే పేరులో "న్యూ" వినపడగానే న్యూరో అనుకుని నరం అనేస్తారు చాలామంది. దానికీ దీనికీ సంబంధం లేదు. అది గ్రీకు మాట, వెడల్పు అవడం అని అర్థం. తెలంగాణలో మనం గాలి ఊదే బెలూన్‌ని బుగ్గ అంటాం చూడండి, పాత సైకిల్ ట్యూబ్ ఒకచోట పల్చబడి బుగ్గ వస్తుంది కదా, అచ్చం అదే. "పొట్టలో పెద్ద రక్తనాళానికి బుగ్గొచ్చింది" అంటే ఎన్యూరిజంకి ఇంతకంటే మంచి తెలుగు నేను చెప్పలేను. మామూలుగా పొట్టలో ఆ నాళం 2 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, 3 దాటితే ఎన్యూరిజం అంటారు, మగవాళ్ళలో 5.5 దగ్గరకొస్తే సరిచేయాలి అంటారు, ఎందుకంటే ట్యూబ్ బుగ్గలాగే ఇది కూడా పెరిగేకొద్దీ పల్చబడి పగిలే ప్రమాదం పెరుగుతుంది, పగిలితే చాలామంది ఆస్పత్రి దాకా కూడా చేరలేరు. మీ నాన్నగారిది 5.8. నొప్పి లేదు కదా అని ఆగేది కాదు. సిగరెట్, బీడీ అలవాటుంటే ఈరోజే మానిపించండి, బీపీ మందు ఒక్కపూట కూడా తప్పనివ్వకండి.

ఇప్పుడు అక్షరం. కాగితం మీద "బృహద్దమని" అని ఉంది, అది తప్పు. ద కింద ధ వత్తు ఉండాలి, బృహద్ధమని. అయోర్టాకి తెలుగు పేరు అది. బృహత్ అంటే పెద్ద, ధమని అంటే గుండె నుంచి రక్తం తెచ్చే నాళం, ఇంగ్లీషులో ఆర్టరీ. బృహత్ ప్లస్ ధమని, సంధిలో త్ కాస్తా ద్ అవుతుంది, తంజావూరు బృహదీశ్వరాలయం పేరులో జరిగేదీ ఇదే, ఇక్కడ ఆ ద్ పక్కన ధ అలాగే నిలబడుతుంది. పెద్ద, ముద్ద, హద్దు అని రాసి రాసి అలవాటైన చేతికి యుద్ధం యుద్దం అయిపోతుంది, పద్ధతి పద్దతి అయిపోతుంది, అదే వరసలో ఇదీను. మహాధమని అన్నా తప్పు లేదు, పలకడానికి అదే సుఖం.

ఆ ధ ఎందుకు పోకూడదో చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. ధమని అనే మాట ఊదడం అనే ధాతువు నుంచి వచ్చింది. కమ్మరి కొలిమి తిత్తి ఊదుతాడే, ఆ ఊదడం. చరకసంహిత సూత్రస్థానంలో "ధ్మానాద్ధమన్యః స్రవణాత్ స్రోతాంసి సరణాత్సిరాః" అని ఉంది, అంటే ఊదినట్టు ఉబ్బి కొట్టుకుంటాయి కాబట్టి ధమనులు, స్రవిస్తాయి కాబట్టి స్రోతస్సులు, సాగుతాయి కాబట్టి సిరలు. మణికట్టు దగ్గర వేలు పెట్టి చూడండి, తిత్తి ఊదినట్టు ఎలా లేస్తుందో. ఆ వాక్యంలో మొదటి మాటే చూడండి, ధ్మానాత్ ప్లస్ ధమన్యః, ధ్మానాద్ధమన్యః, మన బృహద్ధమనిలో ఉన్న ద్ధ అక్కడే ఉంది! ఇంకా ఆశ్చర్యం ఏంటంటే గ్రీకులో ఆర్టరీ మాటకి కూడా గాలితోనే చుట్టరికం, ఊపిరి గొట్టానికీ వాళ్ళు అదే పేరు పెట్టారు, చనిపోయినవాళ్ళ శరీరంలో ధమనులు ఖాళీగా కనపడితే వాటిలో గాలి తిరుగుతుంది అనుకున్నారు. రెండు దేశాలు, రెండు భాషలు, ఒకే ఊహ. రక్తం గుండె నుంచి బయల్దేరి మళ్ళీ గుండెకే తిరిగొస్తుందని ఇంగ్లండు డాక్టర్ విలియం హార్వే పుస్తకం రాసింది 1628లో.

"కనిష్ట ఆక్రమణ నాళాంతర చికిత్స" దగ్గరికొద్దాం. ఇది "మినిమల్లీ ఇన్వేసివ్ ఎండోవాస్క్యులర్" అనే ఇంగ్లీషు మాటల్ని ఒక్కొక్కటే తీసి డిక్షనరీలో పెట్టి వెతికిన పని. కనిష్ట కాదు, ష కింద ఠ ఉండాలి, కనిష్ఠ. ఆక్రమణ అంటే మనకి తెలిసింది చెరువు భూమి ఆక్రమణ, ఫుట్‌పాత్ ఆక్రమణ. శరీరాన్ని ఎవరైనా ఆక్రమిస్తారా? ఇంగ్లీషు వాళ్ళు శరీరంలోకి చొరబడడం అనే అర్థంలో ఇన్వేసివ్ అనే మాట వాడుకున్నారు, మన భాషలో దానికి కోత అనే మాట ఉంది, ఎప్పట్నుంచో ఉంది, "చిన్న కోత" అంటే చాలు. నాళాంతర అనేది ఇంకా చిక్కు. గ్రామాంతరం అంటే ఇంకో ఊరు, రూపాంతరం అంటే ఇంకో రూపం, భాషాంతరం అంటే ఇంకో భాష, మాట చివర అంతరం వస్తే మనవాళ్ళ చెవికి "వేరొకటి" అనే తోస్తుంది. అంటే నాళాంతర చికిత్స అంటే ఇంకో నాళానికి చేసేదనో, ఇంకో నాళం వేసేదనో అనుకునే అవకాశం ఉంది. అంతర్వాహిని, అంతర్ముఖం, అంతర్లీనం లాగా అంతర్ ముందు రావాలి, అంతర్నాళ చికిత్స, అంటే నాళం లోపల్నుంచే చేసే వైద్యం. పుస్తకంలో రాయడానికి ఇది సరైన మాట. మన హైదరాబాద్‌కి ఈ పని కొత్త కాదు, ఉస్మానియా యూనివర్సిటీ కోసం 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి ఉర్దూలో శాస్త్రం మాటలు తయారుచేశారు, 1968లో తెలుగు అకాడమీ పెట్టి తెలుగులో చేశారు, ఆ కష్టమంతా క్లాసురూమ్ కోసం. మంచం పక్కన నిలబడి చెప్పే మాట వేరు, దాన్ని ఇంకా ఎవరూ శ్రద్ధగా చేసిపెట్టలేదు.

స్టంట్ కాదమ్మా, స్టెంట్. స్టంట్ సినిమాలో ఫైట్ మాస్టర్ చేయించేది. స్టెంట్ అనేది మనిషి పేరు, 19వ శతాబ్దంలో ఇంగ్లండులో ఛార్లెస్ స్టెంట్ అనే పళ్ళ డాక్టర్ ఉండేవాడు, దంతాల అచ్చు తీయడానికి ఆయన చేసిన ముద్ద పదార్థం నుంచి ఆ పేరు పాకి పాకి ఇక్కడిదాకా వచ్చింది. దీనికి తెలుగు చెయ్యక్కర్లేదు. కుట్లు వేశారు, కట్టు వేశారు అన్నట్టే స్టెంట్ వేశారు అంటున్నాం, "వేశారు" తగలగానే అది తెలుగైపోయింది.

అయితే మీ నాన్నగారికి వేసేది గుండెకి వేసే మామూలు స్టెంట్ కాదు, దాన్ని స్టెంట్ గ్రాఫ్ట్ అంటారు, జాలీలాంటి లోహపు చట్రానికి గుడ్డ గొట్టం కుట్టి ఉంటుంది. దీనికి మాట కోసం నేను చాలా వెతుక్కున్నాను, తొడుగు అందామా అంటే తొడుగు పైనుంచి వేసేది, ఇది లోపల వేసేది. మీ ఉత్తరంలో టైలర్ అన్న మాట చదవగానే దొరికింది. అస్తరు! షేర్వానీ లోపల, కోటు లోపల వేసే అస్తరు, ఫారసీ నుంచి వచ్చి మన దర్జీల నోట స్థిరపడ్డ మాట. పైగుడ్డ పల్చబడితే దాన్ని విప్పకుండా లోపల అస్తరు వేసి బలం ఇస్తారే, ఈ వైద్యం అచ్చంగా అదే. గజ్జల్లో రెండువైపులా ధమనిలోకి చిన్న రంధ్రం చేసి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ సన్నటి తీగ పంపి, దాని మీదుగా మడిచిపెట్టిన అస్తరుని పైకి తీసుకెళ్ళి, కిడ్నీలకి వెళ్ళే ధమనుల కింద విప్పుతారు. పైన ఒక గొట్టం, కింద రెండు కాళ్ళు, పైజామా లాగా, ఎందుకంటే బృహద్ధమని బొడ్డు దగ్గర రెండుగా చీలుతుంది. ఇక రక్తం అస్తరులోంచి పోతుంది, బుగ్గ మీద ఒత్తిడి తగ్గుతుంది.

ఇది కూడా చెప్పండి ఆయనకి. 1950ల్లో అమెరికాలో హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ అనే సర్జన్ బట్టల షాపులో డేక్రాన్ గుడ్డ కొనుక్కొచ్చి, భార్య కుట్టుమిషన్ మీద తనే కూర్చుని ధమనికి వేసే గొట్టాలు కుట్టాడు. డేక్రాన్ అంటే మీ నాన్నగారు ఎన్ని వందల ప్యాంట్లు కుట్టారో ఆ టెరిలిన్ జాతి గుడ్డే. అప్పుడు పొట్ట కోసి కుట్టేవాళ్ళు. లోపల్నుంచే వేసే పద్ధతిని ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో వొలొడోస్ అనే సర్జన్ 1987లో ఛాతీ దగ్గరి బృహద్ధమనికి చేశారు, అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిరిస్‌లో పరోడీ అనే సర్జన్ 1990లో పొట్టలో చేశారు, అక్కణ్ణించి ప్రపంచమంతా పాకింది.

ఇక "ఆపరేషన్ లేకుండా" అన్న మాట. దీన్ని నేను అస్సలు ఒప్పుకోను. థియేటర్ ఉంటుంది, మత్తు ఉంటుంది, సంతకం తీసుకుంటారు, చిన్నదైనా ప్రమాదం ఉంటుంది, మరి ఆపరేషన్ కాక ఏంటది? "పొట్ట కోయకుండా చేసే ఆపరేషన్" అనాలి, ఆ రెండు మాటలు ఎక్కువ పెడితే నిజం వస్తుంది. ఆపరేషన్ కాదంటే మీ నాన్నగారిలాగే తొందరేముంది అంటారు, అయిపోయాక కూడా మళ్ళీ రారు. రావాలి, అదే ముఖ్యం. అస్తరు అంచు సరిగ్గా పట్టకపోయినా, పక్క నాళాల్లోంచి వెనక్కి వచ్చినా బుగ్గలోకి రక్తం చేరుతుంది, డాక్టర్లు ఎండోలీక్ అంటారు, మనం ఊట అనొచ్చు, బావిగోడ వెనక ఊటలాగా, నొప్పి ఉండదు, స్కాన్‌లోనే తెలుస్తుంది. అందుకే ఆపరేషన్ అయిన నెల రోజులకి ఒకసారి చూసి, తర్వాత ఏటేటా జీవితాంతం చూస్తారు. పొట్ట కోసి చేసేదాంతో పోలిస్తే మొదట్లో ప్రాణగండం తక్కువ, ఇంటికి తొందరగా రావచ్చు, కానీ ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది, మళ్ళీ ఏదో ఒకటి సరిచేయాల్సిన అవసరం దీనిలోనే ఎక్కువ. కిడ్నీ ధమనుల కింద అస్తరు పట్టుకోవడానికి సరిపడా మంచి నాళం లేకపోతే మామూలు అస్తరు కుదరదు కూడా. ఇవన్నీ సంతకానికి ముందే వాస్క్యులర్ సర్జన్‌ని అడగండి.

నాన్నగారికి ఇలా చెప్పండి: "నాన్నా, నీ పొట్టలో గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళానికి బుగ్గొచ్చింది, పొట్ట కోయకుండా గజ్జలోంచి లోపల అస్తరు వేస్తారట, అది ఆపరేషనే, తొందరగా చేయించుకోవాలి, తర్వాత ఏటేటా అస్తరు ఎట్లుందో చూపించుకోవాలి." ఆయనకి వేరే వివరణ అక్కర్లేదు. ఇంకో మాట, అస్తరు పైగుడ్డని పట్టుకోవడానికి అంచున కొంచెం మంచి గుడ్డ చూసుకుని కుట్టేచోటుని సుల్తాన్ బజార్ దర్జీలు ఏమంటారో ఆయన్ని అడిగి నాకు రాయండి. నాళంలో అస్తరు పట్టుకునే చోటుని డాక్టర్లు ల్యాండింగ్ జోన్ అంటున్నారు, ఆ మాట మీ నాన్నగారి దగ్గర ఉంటుందని నా నమ్మకం.