అన్నిటికీ థీరమ్ అని పేరు పెడితే ఎలా?

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ లెక్కల వ్యాసం అందింది. ఇంగ్లీషు బాగుంది. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం కళ్లజోడు తీసి పక్కన పెట్టేశాను. 'బెర్ట్రాండ్ పోస్టులేట్ అన్నది పోస్టులేట్ కాబట్టి నిరూపణ అక్కర్లేదు' అని రాశావే, ఎవరు చెప్పారమ్మా నీకు? ఒకటి కంటే పెద్ద ఏ పూర్ణసంఖ్య తీసుకున్నా, దానికీ దాని రెట్టింపుకీ మధ్య ఒక ప్రధాన సంఖ్య ఉంటుందని బెర్ట్రాండ్ అనే ఫ్రెంచి గణితవేత్త 1845లో ఊహించాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే రష్యా గణితవేత్త చెబిషెవ్ నిరూపించాడు. 1919లో మన రామానుజన్ రెండే పేజీల్లో ఇంకో నిరూపణ ఇచ్చాడు. మనవలు పుట్టిన మనిషిని కూడా ఊళ్లో 'బుజ్జిగాడు' అనే పిలిచినట్టు, ఆ పాత పేరు అలా ఉండిపోయింది. ఫెర్మా లాస్ట్ థీరమ్‌ది ఇంకో కథ. నిరూపణ దొరక్కముందే థీరమ్ అనేశారు, వైల్స్ నిరూపణ అచ్చయింది 1995లో! పాత పేర్లు మన చేతిలో లేవు. నువ్వు పెట్టే పేర్లకు నువ్వే జవాబు చెప్పుకోవాలి.

ఆరు పేజీల్లో తొమ్మిది థీరమ్‌లా? రెండు సరి సంఖ్యలు కూడితే సరి సంఖ్యే వస్తుందన్నది కూడా థీరమేనా? నన్నడిగితే వ్యాసానికి ఒక్కటే థీరమ్, ఏది చెప్పాలని వ్యాసం రాశావో అది. దాని కోసం ముందుగా తేల్చుకునేది లెమ్మా. దాన్నుంచి రెండు లైన్లలో వచ్చేది కరోలరీ. నిరూపణ మధ్యలో తేల్చి అక్కడే వదిలేసేది క్లెయిమ్. నమ్మకం ఉండి నిరూపణ లేకపోతే కంజెక్చర్ అను, అందులో సిగ్గేముంది? థీరమ్‌కీ లెమ్మాకీ మధ్యస్థంగా వాడే ప్రొపోజిషన్ అన్న మాట నాకు గిట్టదు, ఎటూ తేల్చుకోలేనివాళ్లు వాడతారు దాన్ని.

నీ థీరమ్ 5 ఆరోదానికి తప్ప ఎక్కడా పనికి రాలేదు. అది లెమ్మా. ఆరోదాంట్లో ఎన్ బదులు పి స్క్వేర్ పెట్టగానే ఏడోది వచ్చేసింది. అది కరోలరీ. ఇలా ఏరేస్తే నీకు మిగిలేది ఆరోదొక్కటే, అదే నీ సొంత సరుకు. లెమ్మా అంటే చిన్నచూపు ఎందుకు? పేరుకు లెమ్మాయే అయినా, జోర్న్ లెమ్మా లేకుండా ప్రతి వెక్టర్ స్పేస్‌కూ బేసిస్, అంటే అందులోని వెక్టర్లన్నిటినీ కట్టుకోవడానికి సరిపడే మూల వెక్టర్ల గుంపు, ఉందని ఎలా చూపిస్తావు?

నా కుర్రతనంలో ఒక జర్నల్ ఎడిటర్ నా లెమ్మాలన్నీ కొట్టేసి థీరమ్‌లు చేసి పంపాడు. లేకపోతే వ్యాసం పేలవంగా ఉంటుందట. టైపు చేయించుకుని, గుర్తులన్నీ చేత్తో పెన్నుతో నింపిన పేజీలవి. ఒప్పుకోలేదు, వ్యాసం తిరిగొచ్చింది. ఇప్పటి మోజు ఇంకోటి, మెయిన్ థీరమ్, కీ లెమ్మా! సినిమా పోస్టర్లా ఇవి?

నాలుగో పేజీలో 'క్లియర్లీ' అన్నచోట నాకు అరపేజీ లెక్క పట్టింది. అది రాయి.

జర్నల్ సంగతి తర్వాత. ముందు మూడు, నాలుగు పేజీలు మార్చి పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండేలా చూడమ్మా.