యాక్సెసిబుల్ బేజ్ వేయాల్నా, కిలిమ్ బేజ్ వేయాల్నా?

అమెరికా పెయింట్ కంపెనీ షెర్విన్ విలియమ్స్ షాపుల ఈ రెండు గోడ రంగుల కార్డులు పక్కపక్కన పట్టుకొని చూస్తే ఏదైనా ఒకటేలే అనిపిస్తది. వెలుతురును తిప్పికొట్టే లెక్క, అంటే ఎల్.ఆర్.వి., యాక్సెసిబుల్‌కు 58, కిలిమ్‌కు 57. ముదురు, లేత తేడా లేనట్టే. తేడా అంతా లోపలి ఛాయల ఉన్నది. యాక్సెసిబుల్ బూడిదకు దగ్గర, నీడల జర ఆకుపచ్చ కొడ్తది. కిలిమ్‌ల గులాబీ, నారింజ ఉంటయి.

మన నల్లగొండ, పాలమూరు ఎండకు ఏ లేత రంగేసినా వెచ్చగనే కనిపిస్తది. చికాగోల, టొరంటోల ఉత్తరం దిక్కు గదికి నేరుగ ఎండ రాదు, వచ్చే వెలుతురు నీలిగ ఉంటది. ఆ గదికి కిలిమ్ వేయండి. యాక్సెసిబుల్ వేస్తే చలికాలమంతా చప్పగ కనిపిస్తది. దక్షిణం, పడమర గదులకు యాక్సెసిబుల్ మంచిది. మనోళ్లు వాస్తు చూసి తూర్పు ముఖం ఇల్లే వెతుకుతరు గద, అసొంటి ఇండ్లల్ల వెనక ఫ్యామిలీ రూము చాలాసార్లు పడమరకు వస్తది. మాపటి ఎండకు అక్కడ కిలిమ్ బొప్పాయి రంగుకు తిరుగుతది. పసుపుపచ్చ ఓక్ కప్‌బోర్డులు ఉన్నా కిలిమ్ వద్దు, గదంతా నారింజైతది.

అయినా మీ గదిల చూడనిదే డబ్బా కొనొద్దు. ముందు బల్బులు మార్చండి. మనకు ట్యూబులైటు తెలుపు అలవాటు, కానీ 5000 కెల్విన్ (బల్బు వెలుతురు రంగు లెక్క) బల్బు కింద బేజ్ వెచ్చదనం పోతది. పసుపు వెలుతురిచ్చే 2700 లేదా 3000 పెట్టండి. తర్వాత రెండడుగుల తెల్ల ఫోమ్ బోర్డు మీద రెండు కోట్లు వేసి, చుట్టూ రెండంగుళాలు తెలుపు వదలండి. పాత గోడ మీదనే పూస్తే పక్కనున్న రంగు కన్నును మోసం చేస్తది. తెల్లారి బాగ ఆరినాక కార్పెట్ పక్కన నిలువుగ పెట్టి పొద్దుగాల, మధ్యాహ్నం, రాత్రి లైట్లేసి చూడండి.

12 బై 14 గదికి, 8 అడుగుల ఎత్తైతే, గోడలు 416 చదరపుటడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే 380 దాకా. గ్యాలన్ 350 నుంచి 400 వస్తది, కాబట్టి రెండు కోట్లకు రెండు గ్యాలన్లు. ఆ రెండు గ్యాలన్లూ ఒకే బకెట్ల కలిపి వేయండి, లేకుంటే గోడ నడుమ అతుకు కనిపిస్తది. గోడలకు ఎగ్‌షెల్, అంటే తక్కువ మెరుపు పెయింటు, చాలు. పోపు చిట్లే పొయ్యి వెనక జర ఎక్కువ మెరుపుండే శాటిన్ వేస్తే తుడవనీకి వీలైతది. అద్దె ఇల్లైతే ఓనర్‌తోని రాయించుకున్నాకనే బ్రష్ పట్టండి.

మిగిలిన పెయింటును చలికాలం గ్యారేజీల ఉంచొద్దు. గడ్డకడితే విరిగిపోతది, టచప్‌కు పనికిరాదు.