హైదరాబాద్ చిన్న లా ఫర్మ్ వదిలేస్తే ఎటు వెళ్లాలి: ముంబైయా, ఇన్‌హౌసా?

హైదరాబాద్‌లో ఒక చిన్న కార్పొరేట్ లా ఫర్మ్‌లో ఐదేళ్లుగా అసోసియేట్‌ని, పెద్ద డీల్స్ రావు, భూముల టైటిల్ (హక్కుల పరిశీలన) రిపోర్టులతోనే రోజులు గడుస్తున్నాయి, ముంబై పెద్ద ఫర్మ్‌కి వెళ్లాలా లేక ఏదైనా కంపెనీలో ఇన్‌హౌస్‌గా, అంటే ఆ కంపెనీ జీతం తీసుకునే సొంత లాయరుగా, చేరాలా అని మీరు అడిగారు. ఇదే ప్రశ్నతో నేనూ ఒక ఏడాది నిద్ర పాడుచేసుకున్నాను. అలాంటి ఫర్మ్‌లోనే ఆరేళ్లు చేసి బయటికొచ్చి, ఇప్పుడు ఒక సోలార్ కంపెనీలో లీగల్ చూస్తున్నాను.

ముంబైకి నేనూ ప్రయత్నించాను. ఇంటర్వ్యూలో ప్రైవేట్ ఈక్విటీ (కంపెనీల్లో వాటాలు కొనే ఫండ్ల డీల్స్) మీద పడ్డారు, వాటాదారుల ఒప్పందాల్లో ఉండే యాంటీ డైల్యూషన్, డ్రాగ్ అలాంగ్ షరతులంటూ. పరీక్షలో అప్పజెప్పినట్టు చెప్పాను, ఎందుకంటే ఆరేళ్లలో నా చేతిమీదుగా వెళ్లిన అలాంటి డీల్స్ రెండే, అందులో ఒకదాంట్లో నా పనల్లా డేటా రూమ్‌లో (డీల్ కాగితాలన్నీ పెట్టే చోట) ఏ కాగితం ఉంది, ఏది లేదు అని పట్టిక వేయడం. తీసుకుంటాం గానీ మూడో ఏడాది అసోసియేట్‌గా అన్నారు. అంటే మూడేళ్లు గంగపాలు. ఒద్దనేశాను. మీకు రెండేళ్ల అనుభవమే ఉంటే ఆ కోత భరించి వెళ్లమనేదాన్ని, అక్కడ నేర్చుకునేది నిజంగా వేరు. ఐదేళ్లయ్యాక మాత్రం ఎన్నేళ్లు కోస్తారో ముందే అడిగి తేల్చుకోండి.

మీరు విసుక్కుంటున్న ఆ టైటిల్ రిపోర్టుల సంగతి చెప్పాలి. నా రెజ్యూమేలో మొదటి అర పేజీ అంతా ఆ రెండు డీల్సే ఉండేవి, భూముల పని చివర్లో ఒక్క లైను, అదీ సిగ్గుపడుతూ రాసినట్టు. ఒక సీనియర్ చూసి దాన్ని తలకిందులు చేయించారు. ఇప్పటి కంపెనీ ఇంటర్వ్యూలో జనరల్ కౌన్సెల్ (కంపెనీ లీగల్ హెడ్, తెలుగాయన కాదు) మొదట అడిగింది అదే: అనంతపురం వైపు భూములు లీజుకి తీసుకుంటున్నాం, కొన్ని డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకి ఎసైన్ చేసిన భూములు), కొన్ని చుక్కల భూములు, ఏం చూస్తావు? ఇక నన్ను ఆపడం ఆయన వల్ల కాలేదు. పాత ఆర్‌ఎస్‌ఆర్‌లో (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో) పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలే ఉంటే ఏమవుతుంది, ఎసైన్డ్ భూమికి బదిలీలని నిషేధించే 1977 చట్టం ఎక్కడ అడ్డం పడుతుంది, ముప్పై ఏళ్ల ఈసీ (భూమి లావాదేవీల సర్టిఫికెట్) శుభ్రంగా ఉన్నా సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ ఎలా ఆగిపోతుంది, రెవెన్యూ రికార్డులు అడంగల్, 1బీ సరిపోలకపోతే ఊళ్లో ఎవరిని కనుక్కోవాలి, అన్నీ చెప్పాను. తెలంగాణ భూములైతే 1954-55 నాటి రెవెన్యూ రికార్డు ఖాస్రా పహాణీ దాకా తవ్వాలి అని కూడా అన్నాను. ముంబైలో ఎంత గొప్ప డీల్ లాయరైనా ఆ కాగితం చేతికిస్తే మళ్లీ మనలాంటివాళ్లకే పంపుతారు. సోలార్, విండ్, డేటా సెంటర్లు, గోదాములు, ఫ్యాక్టరీ కట్టే ఫార్మా కంపెనీలు, వీళ్లందరికీ షేర్ పర్చేజ్ అగ్రిమెంటూ భూమీ రెండూ చదవగలిగేవాళ్లు కావాలి. మీ వెతుకులాట అక్కడ మొదలుపెట్టండి. రెజ్యూమేలో క్లయింట్ల పేర్లు మాత్రం రాయకండి, ‘ఒక విండ్ కంపెనీకి 400 ఎకరాల టైటిల్’ అంటే చాలు.

డబ్బు దగ్గర నేను బోల్తా పడ్డాను. ఫర్మ్‌లో మనకొచ్చేది జీతం కాదు కదా, రిటైనర్ (నెలనెలా ఇచ్చే ఫీజు), 10 శాతం టీడీఎస్ కోసి ఇస్తారు, పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. కానీ ఆదాయపు పన్ను చట్టం 44ఏడీఏ సెక్షన్ కింద రాబడిలో సగమే ఆదాయంగా చూపించి పన్ను కట్టేదాన్ని. జీతానికి ఆ వెసులుబాటు లేదు. సీటీసీ (కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు) పెద్దదిగా కనిపించింది, అందులో పీఎఫ్ వాటా, ఏడాది చివర ఇస్తారో లేదో తెలియని వేరియబుల్ పే కలిపే ఉన్నాయి, మొదటి నెల చేతికొచ్చింది చూసి మా ఆయన ‘ఇదేంటి, పెరిగిందన్నావు’ అన్నాడు. ఆఫర్ లెటర్‌ని చార్టర్డ్ అకౌంటెంట్‌కి చూపించాకే సంతకం పెట్టండి.

సొంత ప్రాక్టీసు, కంపెనీ కేసులు చూసే ఎన్‌సీఎల్‌టీ ట్రైబ్యునల్ పని కూడా ఒక దారే, హైదరాబాద్‌లోనే బెంచ్ ఉంది. కనీసం ఏడాది ఖర్చులు చేతిలో ఉంటేనే ఆలోచించండి, అంతకన్నా చెప్పే అనుభవం నాకు లేదు.

ఇక సనద్, అంటే లాయరుగా ప్రాక్టీసు చేయడానికి బార్ కౌన్సిల్ ఇచ్చే సర్టిఫికెట్. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్‌లో 49వది ప్రకారం పూర్తికాలపు జీతానికి చేరితే స్టేట్ బార్ కౌన్సిల్‌కి చెప్పి ప్రాక్టీసు ఆపేయాలి. చాలామంది చెప్పరు, అది తప్పు, తర్వాత మెడకి చుట్టుకుంటుంది. మళ్లీ కోర్టుకి రావాలంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ బార్ నుంచి నేరుగా డిస్ట్రిక్ట్ జడ్జి పోస్టుకి కావాల్సిన ఏడేళ్లలో ఇన్‌హౌస్ ఏళ్లు లెక్కకి రావు. పైగా ఇన్‌హౌస్ లాయర్లకి అడ్వకేట్లకున్న గోప్యత రక్షణ వర్తించదని 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది, అందుకే నేను ఇప్పుడు కొన్ని విషయాలు మెయిల్‌లో రాయను, బయటి లాయర్ చేత రాయిస్తాను. జడ్జి కావాలన్న ఆశ మీకు ఏ మూలన ఉన్నా చేరకముందే తేల్చుకోండి.

మా నాన్న ప్రొద్దుటూరులో ప్లీడరు. నేను సనద్ సస్పెండ్ చేయించుకుని నాలుగేళ్లవుతోంది, ఎవరైనా అడిగితే ఆయన ఇంకా ‘హైకోర్టులో చేస్తోంది’ అనే చెబుతారు.